మెరుగు పెట్టిన బంతి

బౌలింగ్ నేర్చుకుంటున్నానని మా పాడేరులో చెబితే, ఫాస్టా స్పిన్నా అని అడిగేవారు. క్రికెట్ కాదు, నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, అవతల నిలబెట్టిన సీసాల్లాంటి పిన్నుల్ని పడగొట్టే ఆట అని మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత విసుగొచ్చి, ఫాస్టే అనేసేదాన్ని.

విశాఖలో చదువుకునేటప్పుడు పట్టుకున్న పిచ్చి అది. యూనివర్సిటీ జట్టుకి సెలక్షన్స్ ఉన్నాయి, సొంత బంతి కొనుక్కోమన్నారు మా కోచ్ సార్. జట్టులో చోటు దొరుకుతుందా లేదా అన్నది తప్ప నాకింకో ధ్యాస లేదు. పోటీలప్పుడు బౌలింగ్ హాల్లో ఆ బాటల మీద నూనె ధారాళంగా పూస్తారు. నిగనిగలాడే బంతయితే నూనె మీద జారుకుంటూ తిన్నగా పోతుంది, మలుపు తిరగదు. పైన గరుకుగా ఉన్నదానికే పట్టు దొరుకుతుంది. అందుకని దుకాణంలో మెరిసిపోతున్న ఎర్రవీ నీలంవీ వదిలేసి, బూడిద రాసినట్టున్న నల్ల బంతిని ఏరుకుని, సంబరంగా పాడేరు బస్సెక్కాను.

మా నాన్నది పసుపు వ్యాపారం. మైదానం నుంచి కొండెక్కి వచ్చి స్థిరపడ్డాడు. సంతల్లో ఎండు కొమ్ములు కొని, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టి అమ్ముతాడు. మెరుగు పెట్టని సరుకు ఆయన కంటికి సరుకే కాదు. నా బంతిని చూసి మొహం చిట్లించాడు. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని ఆయన అనుమానం. నేను నూనె సంగతి చెప్పబోయేసరికి ఎవరిదో ఫోనొచ్చి, పసుపు బేరంలో పడిపోయాడు.

సెలక్షన్స్ రోజు పొద్దున్నే ఆయనే నన్ను జీపులో ఘాట్ దింపి తీసుకెళ్లాడు. హాల్లో సంచి విప్పి చూద్దును కదా, బంతి తళతళలాడుతోంది. అందులో నా మొహం కనబడుతోంది.

"నిన్నంతా కూకుని కారు పాలిష్ పెట్టి రుద్దినానే గుంటా. ఇప్పుడు సూడు, ఎలగుందో" అన్నాడు నాన్న మురిసిపోతూ.

ప్రాక్టీసులో వేసి చూశాను. మలుపు తిరిగి మధ్యకి రావలసిన బంతి, సబ్బుముక్కలా జారి పక్క గాడిలో పడింది. ఇంకోసారీ అంతే. ఏడుపొచ్చేసింది. నూనె, గరుకు, మలుపు అన్నీ ఒక్క గుక్కలో చెప్పి నాన్నని కడిగేశాను.

కోచ్ సార్ ఉప్పుకాగితం లాంటి గరుకు ముక్క ఒకటి ఇచ్చి, ఆట మొదలయ్యేలోగా ఆ మెరుగు తీసేయమన్నారు. నేను ఏడుస్తూనే రుద్దబోయాను. నాన్న అది లాక్కుని నేల మీద చతికిలబడి, బంతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏటి సెయ్యాలో బేగి సెప్పు" అన్నాడు.

చెప్పాను. రుద్దుతున్నాడు. మెరుపు పోతున్నకొద్దీ ఆయన మొహం చిన్నబోతోంది. మంచి సరుకుని చేతులారా పాడు చేస్తున్నట్టే ఉంది ఆయన వాలకం. అయినా ఆపలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాన్న మీద ముద్దు ముంచుకొచ్చింది.

ఆటలో బంతి నూనె మీదుగా సాగి, చివర్లో పట్టు దొరకబుచ్చుకుని లోపలికి తిరిగింది. పిన్నులు ఫెళ్ళున పడ్డాయి. సాయంత్రం జట్టు పేర్లు చదివితే, అందరికన్నా ఆఖరున నా పేరు వచ్చింది.

బయల్దేరబోతుంటే హాలు మేనేజరు వచ్చి నా బంతిని తడిమి చూసి, ఇంత సమంగా ఎవరు రుద్దారని అడిగాడు. తిడతారనుకున్నాడో ఏమో, నాన్న మెల్లిగా నా వెనక్కి జరిగాడు.

"మా నాన్న" అన్నాను, ఆయన చెయ్యి పట్టుకుని ముందుకు లాగుతూ.