మేనత్త జాబులో నాలుగు ‘వద్దు’లు

నా చిన్నప్పుడు చదువంటే వేగమే అనుకునేవాణ్ణి. మా డోన్ స్టేషన్‌లో ఆగని గూడ్సు బండిలా పాఠాన్ని మొదటి నుంచి చివరికి లాక్కుపోయేవాణ్ణి. ప్రశ్న ఇస్తే అందులోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాసేవాణ్ణి. అర్థం చేసుకునే శ్రమ లేకుండానే మార్కులు పడేవి. బట్టల అంగడివాళ్ల పిల్లవాణ్ణి కదా, బేరం బాగా గిట్టిందని మురిసిపోయేవాణ్ణి.

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. ఎర్రగుంట్లలో కాపురముంటున్న మేనత్త జాబు రాస్తే, అంగట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని నాతోనే చదివించుకునేది. ఒక పొద్దున వచ్చిన జాబును ఒక్క ఊపిరిలో చదివేసి మడతపెట్టాను.

“ఏమి రాసిండాదిరా?”

“బాగుండాదంట. మనల్ని రావద్దంటాండాది.”

మళ్లీ చదవమంది. ఈసారి ఇంకా వేగంగా చదివాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. “నోరు చదువుతాండాది, నువ్వు యాడికి పోయినావురా!”

మూడోసారి వాక్యం వాక్యానికీ ఆపింది. పిల్లకు జ్వరం తగ్గిందట, మందులు పంపవద్దట. మామ లారీ మీద పోయి ఇంకా రాలేదట, దిగులు పడవద్దట. నీళ్లు పక్కింటామె తెచ్చిపెడుతోందట, ఎవరినీ పంపవద్దట. అంగడి వదిలి నువ్వు రావద్దమ్మా అని చివర.

“అన్నిసార్లూ వద్దనే కదవ్వా రాసింది!” అని నేనూ విసుక్కున్నాను.

అవ్వ ఓపిక అయిపోయింది. కొడుతుందనుకున్నాను. ఎదురుగా ఉన్న చీరొకటి లాగి నా ఒళ్లో పడేసింది. “కొనేటామె చీర చేతిలోంచి దించకుండా నాలుగుసార్లు వద్దు వద్దంటే, ఏమప్పా, నువ్వు మడిచి పెట్టేస్తావా?”

“యాల పెడతా? ఆమెకు కావాల!”

అనేసి, మడతపెట్టిన జాబు వైపు చూశాను. జాబు నా అంతట నేనే విప్పి, మొదటిసారి నెమ్మదిగా చదివాను.

“అవ్వా, నీళ్లు అత్తే ఎందుకు తెచ్చుకోలేదు?”

అవ్వ అప్పటికే లేచి సంచి సర్దుతోంది.

మధ్యాహ్నం బండికి ఎర్రగుంట్ల చేరాం. తలుపు తీసింది పక్కింటామె. అత్త మంచం మీద ఉంది, తల ఎత్తలేని జ్వరంతో. అవ్వను చూడగానే, “రావద్దంటిని కదమ్మా” అని చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు మనవరాలితో పాఠం చదివించే పని నాది. గడగడా చదివేసి “అయిపాయె తాతా” అంటుంది. ఆ రాసినవాళ్లకు ఏమి కావాలంటావే అని అడిగితే, అది ప్రశ్నల్లో లేదంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. అవ్వంత కోపం నాకూ వచ్చింది గానీ, ఆమె తెలివి రాలేదు. అయినా పుస్తకం మూయనివ్వను. ఎవరో ఏదో చెప్పలేక చెబుతుంటే మనం చదివేసి లేచిపోకూడదని, ఆ మంచం పక్కన నిలబడిన రోజు నుంచీ నాకొక భయం.