నా బిడ్డకు పాలిచ్చిన ఇల్లు

పిల్లకు పాలిస్తూ దగ్గాను. దగ్గు ఆగాక చూస్తే పైటచెంగు మీద రక్తం. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడుతోందని అంతకుముందే మా ఆయనతో చెప్పాను. నెల్లిమర్ల జూట్ మిల్లుకు పోయివచ్చే మనిషికి పెళ్లాం జ్వరం ఒక లెక్కా!

విజయనగరం ఆస్పత్రిలో కళ్లె పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "లెఫ్ట్ లంగ్‌లో కేవిటీ, అంటే గుంట ఉందమ్మా. టీబీ. ఈ పూట నుంచి బిడ్డకు పాలివ్వకండి, దగ్గరికి కూడా తీసుకోకండి" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. పిల్ల ఏం తాగి బతుకుతుంది? ఆవుపాలు పట్టి చూశాం. తాగినవి తాగినట్టే కక్కేసింది.

నెల్లిమర్లలోనే ఉన్న మా ఆడపడుచు అప్పుడు బాలింత. వెళ్లి గుమ్మం బయటే నిలబడి అడిగాను.

"నాను పాలిస్తే నీ కూతురు నా కొడుక్కి సెల్లెలయిపోద్ది. రేపు ఆళ్లకి పెళ్లెలాగ సేస్తాం? నీకు తెల్దేటి?" అంది.

మా ముసల్మానుల్లో ఒక తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులే. వాళ్ల మధ్య పెళ్లి చెల్లదు. ఆమె చెప్పింది అబద్ధం కాదు. కానీ మాట్లాడినంతసేపూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. రోగమంటే భయమని చెప్పినా ఏమీ అనుకునేదాన్ని కాదు. మతాన్ని అడ్డం తెచ్చుకుంది చూడండి, అది నాకు నేటికీ మింగుడుపడదు.

పిల్లను తీసుకుని విజయనగరంలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. నేను పుట్టి పెరిగింది అక్కడి మసీదు సందులో. అజాన్ వినబడితే బేరాలు ఆగిపోయే సందు అది. ఎవరైనా మంచం పడితే వెళ్లి పలకరించడం నమాజంత విధి. చిన్నప్పుడు నాకదంతా విసుగ్గా ఉండేది.

ఆ సాయంత్రమే పక్కింటి అక్క, కాదర్‌బీ ఆపా వచ్చింది. చిన్నతనంలో ఇద్దరం ఒకే చాప మీద ఖురాను చదువుకున్నాం. ఆమె చంకలోనూ పసివాడే.

"పిల్లని ఇలాగియ్యే. దాని ఏడుపు ఇనలేకపోతన్నాను" అంది.

"నాకు టీబీ ఆపా. నీకు భయం లేదా?"

"ఎందుకు లేదే? ఉన్నాది. రేపు అల్లా అడిగితే ఏటి సెప్పాలి? ఆ భయం ఇంకా పెద్దది." అంటూనే గోడవైపు తిరిగి పిల్లకు పాలిచ్చింది.

పిల్లను ఆపా దగ్గర ఉంచి నన్ను శానిటోరియానికి పంపారు. ఏ.పీ. అని, పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కించేవారు. "లంగ్ ముడుచుకుని రెస్ట్ తీసుకుంటుంది" అనేవాడు అక్కడి డాక్టరు. కొన్నాళ్లకు అక్కడ ఫ్లూయిడ్, అంటే నీరు పట్టింది, మళ్లీ జ్వరం, మళ్లీ మంచం. మా ఆయన ఒక్కసారి వచ్చి గేటు బయటి నుంచే చూసిపోయాడు. సందులోవాళ్లు మాత్రం అంత దూరం రైలెక్కి వచ్చేవారు. అందరికీ నా మీద ప్రేమ అనుకోను. విధి కాబట్టి వచ్చారు. ఆ విధే లేకపోతే నా మంచం దగ్గరికి ఎవరొచ్చేవారు?

తిరిగి అమ్మ ఇంటికి వచ్చేసరికి నా పిల్ల పరుగెడుతోంది. నన్ను చూసి ఏడ్చి, కాదర్‌బీ కొంగు చాటుకు పోయింది. అమ్మా అని ఆమెనే పిలిచింది. నా ప్రాణం చివుక్కుమంది.

ఇప్పుడు నాకు జబ్బు లేదు, బరువు మాత్రం ఎత్తలేను. పిల్ల బడికి పోతోంది. కాదర్‌బీ కొడుకులు పండక్కి దానికి గాజులు తెస్తారు, చెల్లెలిని ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోరు. మొన్న బక్రీదుకి ఆడపడుచు వచ్చి, "నా కోడలేదే?" అంది.

"ఆ రోజు గుక్కెడు పాలు పట్టుంటే మీ ఇంట్లో దీనికి అన్న ఉండేవాడు వదినా. మొగుడంటావా, ఎక్కడైనా దొరుకుతాడు" అన్నాను.

చంటిబిడ్డ తల్లులకు చెబుతున్నాను. కళ్లెలో రక్తం కనిపిస్తే ఎక్స్‌రే దాకా ఆగకండి, ముందు బిడ్డను రొమ్ము నుంచి తీసెయ్యండి. పాలకోసం చుట్టాల గుమ్మంలో నిలబడి పొద్దు పుచ్చకండి. మీ వీధిలో దేవుడికి నిజంగా భయపడే మనిషెవరో చూసుకుని, ఆ తలుపు కొట్టండి.