చావు ఫ్లెక్సీలు చదివే సారు

ఆదివారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, నల్లగొండలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాను. ఒకసారి కొడితే సరిపోలేదు. మైకు పట్టుకున్నాయన "సౌండ్ రాలే, ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి కొట్టాం. వేదిక మీద ఒకాయన మెడలో దండతో, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ బీమా పాలసీలు చేసింది ఆయనేనట. "మీలో కసి ఉందా?" అని మైకు అడిగింది. "ఉంది" అని అరిచారు అందరూ. నాకు మాత్రం ఆకలి ఉంది. టిఫిన్ పెడతామన్నారు కాబట్టి లేచి రాలేదు. ఆ ఉప్మా కూడా చల్లారి గడ్డకట్టింది.

నేను ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. కరోనాకు మూతపడ్డ బడి మళ్లీ తెరిచాక యాజమాన్యం మా జీతాల్లో కోత పెట్టి, మిగిలింది ఇవ్వడమే గొప్ప అన్నట్టు మాట్లాడింది. మా ఆయనది కరెంటు వైరింగ్ పని. ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. అప్పుడే మా క్లాసులో చదివే ఒక పాప తండ్రి నన్ను పట్టుకున్నాడు. ఆయన ఏజెంట్లను చేర్పించే ఆఫీసరు. అందరూ సారు అనేవారు, నేనూ సారు అనే అన్నాను.

"బడి వదలకుండ్రి మేడం. పొద్దంత బడి, సాయంత్రం గీ పని. టీచరంటే జనం నమ్ముతరు. మీ మాట ఎవ్వరు తీసెయ్యరు" అన్నాడు.

నమ్మే మనుషులున్న చోటునే ఆయన వెతుక్కుంటున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. పరీక్ష రాశాను, పాసయ్యాను, నా పేరు మీద ఏజెంటు కోడ్ ఇచ్చారు. మొదటి పాలసీ ఎవరికి చేశానంటే నాకే. రెండోది మా ఆయనకు. ఆ తర్వాత లోకం మీద పడ్డాను.

లోకం చాలా త్వరగా నన్ను గుర్తుపట్టింది. స్టాఫ్‌రూమ్‌లో నేను అడుగుపెడితే లెక్కల టీచరు మూత్రానికని లేచేది. గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులు నన్ను చూడగానే మోగని ఫోను చెవికి పెట్టుకునేవారు. అంతకుముందు వాళ్లే పిల్లవాడి చేతిరాత గురించి అరగంట నిలబెట్టి మాట్లాడేవారు. రైతు ఇళ్లకు వెళితే "మాకు సర్కారు బీమా ఉన్నది గద మేడం" అని చాయ్ పోసి పంపేవారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. ఒక మనిషి ఎదురుపడగానే ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఆ జవాబులోంచి వ్యాపారం తీయాలని చూస్తున్నానే, ఆ నా గొంతు వింటే నాకే చీదర పుట్టేది. పిల్లలకు పద్యం చెప్పే గొంతు కూడా అదే కదా.

కానీ అసలు రోత అది కాదు. ఒక ఆదివారం సారు నన్ను వెంటబెట్టుకుని హుజూర్‌నగర్ వైపు బయలుదేరాడు. ఆయన బండి ముందు, నా స్కూటీ వెనక. ఒక చౌరస్తాలో టక్కున ఆగాడు. ఎదురుగా స్తంభానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. మా జిల్లాలో ఇప్పుడు ఎవరు పోయినా ఫ్లెక్సీ పడుతుంది. చనిపోయినాయన ఫొటో, దినాల తారీకు, ఊరు, కింద కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవళ్లు, వాళ్ల వాళ్ల ఉద్యోగాలతో సహా. సారు ఫోను తీసి దానికి ఫొటో కొట్టాడు.

"చూడుండ్రి మేడం. పెద్ద కొడుకు కరెంటాఫీసుల చేస్తడట. చిన్నోడు లారీ ఓనరు. ఇంటి వివరమంత దీంట్లనే ఉన్నది. మనం అడిగే పని లేదు" అన్నాడు. ఆ తర్వాత తన అనుభవం చెప్పాడు. "మూడో దినం పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు పోవద్దు. ఏడుపుల ఉంటరు, మన మాట చెవులకెక్కది. నెల దాటితే పని కాదు, మర్చిపోతరు. పదకొండో దినం పోవాలె. అప్పటికి మెత్తగైతరు."

మెత్తగైతరు. పొయ్యి మీది అన్నం మెతుకు పట్టి చూసినట్టుగా అన్నాడు ఆ మాట.

ఆ రోజే ఒక ఊళ్లో ఆయన పనిని కళ్లారా చూశాను. నేను టెంటు బయట స్కూటీ దగ్గరే నిలబడ్డాను. ఆయన పండ్ల సంచి పట్టుకుని లోపలికి పోయి, ఫొటో ముందు కళ్లు మూసుకుని నిలబడి, బంతిలో కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, గుండు చేయించుకున్న పెద్ద కొడుకు భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. ఆ కొడుకు తల ఊపుతూనే ఉన్నాడు. ఆ ఇంట్లో సారును ఎవరో దూరపు చుట్టం అనుకుని ఉంటారు. తిరిగొచ్చాక, "నేను ఇసుంటి ఇండ్లకు రాను సార్" అని మొహం మీదే చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. "కొత్తల అందరు గట్లనే అంటరు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒళ్లు మండిపోయింది.

ఇక్కడ మా చిన్నమ్మ గురించి చెప్పాలి. మాది రామన్నపేట దాటాక ఒక ఊరు. మా వాడంతా మగ్గాలు. అమ్మానాయిన ఇద్దరూ తొందరగా పోయారు. నాకు నూలు కండెలు చుట్టడం నేర్పింది, చదివించింది, పెళ్లి చేసి పంపింది చిన్నమ్మే. నాకు తల్లిగారిల్లు అంటే ఆమె ఇల్లే, వేరే ఇంకొకటి లేదు. పండగకు పిలవడానికి, పోతే కూర్చోబెట్టి అన్నం పెట్టడానికి ఈ భూమ్మీద ఉన్న ఒక్క గడప అది.

చిన్నాయన ఆ వాడలో మంచి పనివాడు. కానీ ఒక తెలివితక్కువ పని చేశాడు. ఆయన ఒక్కడే కాదు, వాడలో చాలామంది చేశారు. ఆధార్ కార్డులు రాసే రోజుల్లో, నేత పింఛను తొందరగా వస్తుందని ఉన్న వయసు కంటే బాగా పెంచి రాయించుకున్నారు. పింఛను వచ్చింది. కొన్నేళ్లకు సర్కారు నేతవాళ్లకు బీమా తెచ్చింది. కానీ దానికి వయసు హద్దు పెట్టింది. కార్డు లెక్కన చిన్నాయన అప్పటికే ముసలివాడు. మనిషి మాత్రం నల్లటి జుట్టుతో, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా నేస్తున్నాడు. "కార్డుల ముసలోణ్ణి, గుంటల పడుచోణ్ణి" అని నవ్వించేవాడు. చిన్నమ్మ నవ్వేది కాదు. ఆ వయసు పెంచమని పోరు పెట్టింది ఆమే మరి.

చిన్నాయనకు గుండె నొప్పి ఒకసారి వచ్చి తగ్గాక, ఇంకే దారైనా ఉందేమోనని నేను సారును అడిగాను. విషయం మొత్తం చెప్పాను. చెప్పకుండా ఎలా అడుగుతాం? డాక్టరు దగ్గర రోగం దాచనట్టే దాచలేదు. "గా వయసుకు, గా గుండెకు ఎవ్వరియ్యరు మేడం, వదిలేయ్" అన్నాడు. వదిలేశాను. అడగడం తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆ చలికాలమే చిన్నాయన పోయాడు. ఫోను రాగానే బయలుదేరి బస్సు దిగేసరికి వాడలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. మా దగ్గర మనిషి పోతే శవం లేచేదాకా ఎవరూ మగ్గం మీది నాడె ముట్టరు. పిల్లప్పుడు ఎన్నోసార్లు విన్న నిశ్శబ్దమే అది. ఈసారి అది మా ఇంటి కోసం.

పదకొండో దినం. వాకిట్లో టెంటు వేశారు. నేను వడ్డిస్తున్నాను. పప్పు బకెట్ పట్టుకుని వంగి లేచేసరికి బంతి చివర సారు కూర్చుని ఉన్నాడు. పక్కన పండ్ల సంచి. నేను పిలవలేదు. ఏ చౌరస్తాలో చదివాడో మా చిన్నాయన ఫ్లెక్సీని. నన్ను చూసి, కావలసినవాడిలా తల ఊపి, "జర పప్పెయ్యి మేడం" అన్నాడు. వేశాను. బంతిలో కూర్చున్నవాడిని లేపే అలవాటు మా వాళ్లకు లేదు, నాకు కూడా లేదు. ఆ ఒక్క గరిటె పప్పు వేసినందుకు ఇప్పటికీ నా చెయ్యి నాకే అసహ్యం.

తిని లేచి చెయ్యి కడుక్కుని నేరుగా ఆడవాళ్లు కూర్చున్న వసారాలోకి వచ్చాడు. చిన్నమ్మ గోడకు ఆనుకుని ఉంది. వాళ్ల కోడలు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. సారు చేతులు కట్టుకుని నిలబడి, అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ కష్టం పగోళ్లకు గూడ వద్దు. కని ఒక్క ముచ్చట. మేడం నాకు అంత చెప్పిండ్రు. ఆధార్ల వయసు గట్ల పెంచుకోకపోతే ఇయ్యాల సర్కారు పైసలు మీ చేతుల ఉండేటియి. గా చిన్న ఆశకు పోయి ఇంత పోగొట్టుకున్నరు. గిదే తప్పు వాడల ఇంకెవ్వరు చెయ్యొద్దని…"

చిన్నమ్మ ఏడవలేదు. తలెత్తి సారును చూడలేదు. నన్ను చూసింది. మొగుడు పోయిన పదకొండో రోజున, వాడంతా కూర్చున్న చోట, నీ వల్లే డబ్బు పోయిందని ఒక పరాయివాడు ఆమెతో అన్నాడు. ఆ మాట అతని నోటికి అందించింది నేనని కూడా తనే చెప్పాడు.

నేను బకెట్ కింద పెట్టి, సారు చొక్కా పట్టుకుని, వాకిలి దాటించి బండి దాకా ఈడ్చుకుపోయాను. బడిలో పిల్లల ముందు ఎన్నడూ రాని మాటలు నా నోటి నుంచి వచ్చాయి. శవాల మీద బతికేటోడా అన్నాను. సిగ్గులేనోడా అన్నాను. ఆయన చొక్కా సర్దుకుని, నిజంగానే నొచ్చుకున్నట్టు, గట్టిగా అన్నాడు.

"నా మీదెందుకు మేడం గింత కోపం? నీ కోసమే గద వచ్చిన. వాడ వాడంత పాలసీలు నీ కోడ్ మీదనే రాపిస్తుంటి."

ఆ మాట టెంటు కింద చేతులు కడుక్కుంటున్న మగవాళ్లంతా విన్నారు. నేను తిట్టింది వాళ్ల చెవికి చేరిందో లేదో గానీ, ఇది మాత్రం చేరింది. లోపలికి తిరిగి వస్తుంటే దారి ఇచ్చారు, మనిషికి ఇచ్చే దారి కాదు అది. ఎదురింటి అవ్వ ఒక్కతే అడిగింది, "నువ్వే తోలుకొచ్చినవా బిడ్డా?" అని. కాదవ్వా అన్నాను. "మరి గా ముచ్చట గాయనకెట్ల తెలిసె?" అంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు, గుండె నొప్పి నుంచి మొదలుపెట్టి చెప్పాల్సినంత పొడుగుది. ఆ ఎంగిలి విస్తళ్ల మధ్య ఎవరు వింటారు?

మర్నాడే కోడ్ వద్దని రాసిచ్చేశాను. సారు మా బడిలోనే ఇంకో టీచర్ని చేర్పించుకున్నాడు. ఆమె కూడా ఆదివారాలు చప్పట్లు కొట్టి వస్తోంది. జాగ్రత్త అని చెప్పబోతే, "మీకు పైసలు రాలేదు కాబట్టి ఎవ్వరికీ రావద్దా మేడం?" అంది.

చిన్నమ్మకు ఫోను చేస్తే కోడలు ఎత్తేది. మగ్గం దగ్గర ఉంది అనేది, పండుకుంది అనేది, మళ్లీ చేయమంటా అనేది. బతుకమ్మ వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందే చిన్నమ్మ పిలుపు వచ్చేది. ఈసారి రాలేదు. నల్లగొండలో పానగల్ దగ్గర మా కిరాయి ఇంటి వెనక జాగాలో వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే నేను తలుపు వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దాను. ఎవరి మీద కోపమో తెలియక పిల్లలకు మార్కులు తక్కువ వేశాను. తర్వాత మళ్లీ సరిచేశాను.

మొన్న ఎండాకాలం చిన్నమ్మకు కామెర్లు ముదిరి దవాఖానలో పెట్టి తీసుకొచ్చారని ఊరివాళ్ల ద్వారా తెలిసింది. నాకు ఎవరూ చెప్పలేదు. బడి సగంలో వదిలేసి బస్సెక్కాను. దారంతా ఒకటే అనుకున్నాను, తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ, ఆమె ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చెప్పేయాలి. ఆమె ఎప్పుడూ నా మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పిన మనిషి కాదు.

వసారాలో నులక మంచం మీద పడుకుని ఉంది. మనిషి పసుపు ముద్దలా అయిపోయింది. నేను మంచం పక్కన కింద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి లాక్కోలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "చిన్నమ్మా" అన్నాను. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. ఆ కళ్లలో కోపం ఎంత వెతికినా లేదు. భయం ఉంది. నా భుజం మీదుగా వాకిలి వైపు చూసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? సారు బయట నిలబడ్డడా?" అని మెల్లగా అడిగింది.

లేడు చిన్నమ్మా, ఎవరూ లేరు అన్నాను. వినలేదు. కోడలిని పిలిచి, జర బయటికి పోయి చూసి రమ్మంది. కోడలు లేచి వెళ్లి, వాకిట్లో అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని వచ్చి చెప్పాకే ఆమె కళ్లు మూసుకుంది.