అమ్మ చెప్పిన సాక్ష్యం

తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. గుంటూరులో రెండు నెలలు వైద్యం చేయించుకుని, గంజాయి మాని ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే అమ్మ వాణ్ణి చర్చిలో సాక్ష్యం చెప్పమని లేపింది. మా సత్తెనపల్లి వైపు జ్వరం తగ్గినా లేచి సాక్ష్యం చెప్పాల్సిందే. వాడు నేల చూపులు చూస్తూ, "దేవుడు నన్ను విడిపించాడు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

పది రోజులకి మళ్ళీ తాగాడు. మాకు చెప్పలేదు. చొక్కా వాసన చూసి నేనే పట్టుకున్నాను. అంతమంది ముందు విడుదలయ్యానన్నవాడు ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? గుంటూరులో కౌన్సెలింగ్‌కి వెళ్ళడం కూడా మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయి, రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కౌన్సెలర్ గారు అమ్మనీ నన్నూ రమ్మన్నారు. చివాట్లు పెడతారనుకున్నాం. ఆయన మంచినీళ్ళిచ్చి, "మధ్యలో జారిపోవడం మామూలేనండి. జారినప్పుడు ఇంట్లో చెప్పుకోగలగాలి, అంతే" అన్నారు. తర్వాత అమ్మనడిగారు: "రోజుకి ఎన్నిసార్లు అబ్బాయి జేబులు వెతుకుతారమ్మా?"

అమ్మ వేళ్ళు మడుచుకుంటూ, "నాలుగు... వాడు స్నానానికి పోయినప్పుడు ఇంకోసారి" అంది. నాకు నవ్వొచ్చింది. నేను చూసే చొక్కా వాసన గుర్తొచ్చి ఆగిపోయాను.

"ఒక్క వారం మానగలరా?"

"నావల్ల కాదండి బాబూ!"

"మీ అబ్బాయి కూడా మొదట్లో ఇదే మాటన్నాడండి."

ఊరొచ్చి బస్సు దిగుతూ అమ్మ, "సరే, ఒక్క వారం వాడి జేబులు ముట్టుకోను" అంది. ఆమె సంగతి తెలిసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు.

తర్వాతి ఆదివారం తమ్ముడు చర్చి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. వాడు వెళ్ళిపోవడానికి చెప్పులు వెతుక్కున్నాడు.

"మావాడి సంగతి వాడిష్టం. నాది నేను చెప్పుకుంటున్నా" అంది అమ్మ. "వాడి జేబులో చెయ్యి పెట్టనని ఒప్పుకున్నా. బుధవారం పెట్టేశా. గురువారం నుంచి మళ్ళీ మానుకున్నా. నాకోసం ప్రార్థన చెయ్యండి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అయినా స్తోత్రం అన్నారు. తమ్ముడు చెప్పులు వదిలేసి అక్కడే కూర్చున్నాడు.

ఇంటికొస్తుంటే మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర వాడు ఆగాడు. "అమ్మా, శుక్రవారం నేనూ తాగా."

అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"రేపు పొద్దున బస్సుకి ఇద్దరం పోదామా నాన్నా? నా బుధవారం సంగతి కూడా కౌన్సెలర్ గారికి చెప్పుకోవాలి."