కంట్రోలు గుడ్డ

యుద్ధం రోజుల్లో తిరుపతిలో మా ఇంటిల్లిపాదికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే, కంట్రోలు. సర్కారు కార్డు మీద కొలిచి ఇచ్చే రాళ్ల బియ్యం కంట్రోలు బియ్యం. వాటిని ఇచ్చే అంగడి కూడా కంట్రోలే. అమ్మ కంట్రోలుకు పోయిందంటే ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నీళ్లెక్కువైన కాఫీని అవ్వ కంట్రోలు కాఫీ అనేది. నేను కాస్త ఎక్కువ మాట్లాడితే, నోరు కంట్రోల్లో పెట్టుకోమని బడిపంతులైన నాయన గదమాయించేవాడు. ఆ ఒక్క వాడకం నాకు ఇప్పటికీ గిట్టదు.

గుడ్డ కూడా కంట్రోలే. కార్డు చూపిస్తే అంగడివాడు ఏ తాను విప్పితే దాంట్లోనే చింపించుకుని రావాలి, రంగు నచ్చలేదనడానికి లేదు. ఆ ఏడు నీలం చారల తాను వచ్చింది. నాయన చొక్కా, నా పావడ, అక్క రవిక, దిండు గలీబులు, కిటికీ తెర అన్నీ అదే. మా వీధిలో సగం మంది ఒంటిమీదా అదే.

అప్పుడే అక్కను చూసుకోవడానికి పూతలపట్టు నుంచి పెండ్లికొడుకు, వాళ్లమ్మ వచ్చారు. అంతకుముందు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ తప్పితే ఎట్లాగని అమ్మకు అన్నం సయించడం లేదు. పక్కింటివాళ్ల పట్టుచీర, రవిక ఎరువు తెచ్చి అక్కకు కట్టింది. తల ఎత్తొద్దని, నవ్వొద్దని పదిసార్లు చెప్పింది.

పెండ్లికొడుకు పోయి పోయి కిటికీ పక్కనే కూర్చున్నాడు. ఆయన చొక్కా కూడా నీలం చారలే. చొక్కా ఎక్కడ ముగిసిందో, తెర ఎక్కడ మొదలైందో తెలియలేదు. నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. అక్క తల ఎత్తి చూసి పకపకా నవ్వేసింది.

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెండ్లికొడుకు చొక్కా అంచు సర్దుకుంటూ, "నాకు మంచిదనేది ఇదొక్కటే ఉండాది" అన్నాడు మెల్లగా. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అక్క కళ్లలో అప్పటికే నీళ్లు తిరుగుతున్నాయి.

"ఈ చీర నాది కాదు, పక్కింటోళ్లది. నేను రోజూ తొడుక్కునేదీ ఆ చారల గుడ్డే" అంది.

సంబంధం పోయినట్టేనని అమ్మ గోడకు ఆనుకుంది. పెండ్లికొడుకు తల్లి మాత్రం తన పట్టుచీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది.

"ఇది మా తోడికోడలిది తల్లీ. మరక పడితే నన్ను సంపేస్తాది. ఆ కాఫీ లోటా రవంత ఆ పక్క పెట్టండి" అంది.

సంబంధం అప్పుడే ఖాయమైపోయింది. అందరికంటే గట్టిగా నాయనే నవ్వాడు. కానీ వాళ్లు కూర్చున్న కుర్చీలు బడివని మాత్రం చెప్పలేదు.