లేచి కూర్చునేదాకా వదలని చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మాది మధిర. ఇంట్లో పొద్దునా సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ దయ్యాలకి చోటు ఉండేది కాదు. మా నాన్న రైల్వేలో పనిచేశారు. పట్టాల పక్కన తెల్లచీర కనిపించిందని ఎవరైనా అంటే, "టికెట్ ఉందేమో అడగకపోయావా?" అనేవారు. నేను ఆయన కూతుర్ని. పైగా చదివింది జీవశాస్త్రం. కొలవడానికి వీల్లేనిదాన్ని పక్కన పెట్టడమే నా ఉద్యోగం.

ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని మిమ్మల్ని అడగను. నాకు జరిగింది కాబట్టి జరిగినట్టు చెబుతాను.

హైదరాబాదులో ఒక ల్యాబులో నేను అయాన్ చానెళ్ల మీద పనిచేస్తాను. పేరు విని బెదరక్కర్లేదు. మన గుండెలో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో బుల్లి బుల్లి తలుపులుంటాయి. వాటిలోంచి సోడియం, పొటాషియం లాంటివి వస్తూ పోతూ ఉంటాయి. కణం పక్క కణానికి కబురు అందించేది, గుండె కొట్టుకునేది ఈ రాకపోకల వల్లే. వెంట్రుక కంటే సన్నటి మొన ఉన్న గాజు గొట్టాన్ని కణానికి ఆనించి, తలుపు తెరుచుకున్నప్పుడు పారే కరెంటును కొలుస్తాను. చెయ్యి కాస్త వణికితే కణం చచ్చిపోతుంది. రోజంతా కూర్చుంటే ఒకటో రెండో దక్కుతాయి. మా అమ్మ దృష్టిలో ఇది ఉద్యోగం కాదు, నా ఓపికకి ఎవరో పెట్టిన పరీక్ష.

నా స్నేహితురాలు శాంతి భద్రాచలంలో గుండె డాక్టరు. పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక పల్లె నుంచి రాధ అనే అమ్మాయిని ఆమె దగ్గరికి తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక పెళ్లిలో నిద్రపోతుండగా పక్కనే డప్పు మోగేసరికి లేచి పడిపోయిందట. శాంతి ఈసీజీ తీసింది. వాళ్లమ్మకీ రాధకీ సంగతి చెప్పి, ఒప్పుకున్నాక రక్తం నాకు పంపింది.

రక్తంలోని జన్యువులు పరీక్షిస్తే, రాధకి పుట్టుకతోనే పొటాషియం తలుపుల్లో లోపం ఉందని తెలిసింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కుదుటపడటానికి అందరికంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ సందులో ఉలిక్కిపడితే లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఈ రకం లోపం ఉన్నవాళ్లకి నిద్రలో చెవిన పడే చప్పుడు చాలా ప్రమాదం. ఫోను మోగడం, గిన్నె పడటం లాంటివి మనకి విసుగు తెప్పిస్తాయి, వాళ్ల ప్రాణం మీదికి తెస్తాయి.

అదే లోపాన్ని మా ల్యాబులో పెంచే కణాల్లో పెట్టి చూశాం. కరెంటు బాగా తగ్గిపోయింది. వాటిని నేను రాధ కణాలు అనేదాన్ని. అవి బతికే ద్రవాన్ని రోజూ మధ్యాహ్నం మార్చాలి. మరిచిపోకుండా ఫోనులో అలారం పెట్టుకున్నాను. ల్యాబులో యంత్రాల హోరు ఎక్కువ కాబట్టి, ఫోనులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద మోత చూసి మరీ పెట్టుకున్నాను.

పోయిన వేసవిలో శాంతి, నేను కలిసి ఆ పల్లెకి వెళ్లాం. ఇంట్లో అందరికీ ఈసీజీ తీయాలి, రాధ చేత మాత్రలు మొదలుపెట్టించాలి. మాత్రలు వంటబట్టి పనిచేయడానికి కొన్నాళ్లు పడుతుంది. ఈలోగా ఆ పిల్లని ఎలా కాపాడుకోవాలో వాళ్లమ్మకి చెప్పాలన్నది మా ఉద్దేశం.

వాళ్లమ్మ పేరు ముత్తమ్మ. భర్త లేడు. చెప్పడానికి వెళ్లినవాళ్లం, ఇల్లు చూసి ఊరుకున్నాం. ఊళ్లో ప్రతి వాకిట్లో కోడిపుంజు ఉంది, వీళ్ల వాకిట్లో పెట్టలు మాత్రమే ఉన్నాయి. గిన్నెలన్నీ నేల మీదే బోర్లించి ఉన్నాయి, అటక మీద ఒక్కటీ లేదు. తలుపు బందులకి నూనె రాసి ఉంది. ముత్తమ్మ చెల్లెలు చిన్నప్పుడే అలా చప్పుడుకి పోయిందట. రెండేళ్ల క్రితం పెద్దకూతురు సోమక్క పోయింది. పొద్దున్నే పక్కింట్లో బిందె జారి బండ మీద పడింది. సోమక్క ఉలిక్కిపడి లేచి, గోడకి ఒరిగిపోయింది.

"మా ఇంట్ల పండుకున్నోళ్లని పిల్వం బిడ్డా. కాలి బొటనేలు పట్టుకొని లేపుతం. మా అవ్వ కాలం నుంచి గంతే," అంది ముత్తమ్మ.

మా ఫోన్లు రెండూ సైలెంటులో పెట్టేశాం. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది లోపలి గది గోడలో ఉన్న ఒక్క గూట్లోనే. వచ్చిన చుట్టం ఎవరైనా ఫోను అందులో పెట్టి, మధ్యమధ్యలో వెళ్లి చూసుకుంటారు. నేనూ అక్కడే పెట్టాను.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. తల్లీకూతుళ్లు చీకటితో అడవికి వెళ్లి, ఎండ ముదరకముందే ఆకు తెచ్చుకున్నారు. ఈసీజీలు అయ్యాక అందరం అన్నం తిన్నాం. శాంతి పక్క గూడెంలో ఇంకో బంధువుని చూడాలని జీపులో వెళ్లింది. రాధ లోపలి గదిలో చాప మీద పడుకుంది. ముత్తమ్మ బిందె తీసుకుని బోరింగుకి వెళ్లింది. నేను బయట పందిరి కింద మంచం మీద నడుం వాల్చాను. ఊరంతా నిద్రపోతోంది. ఆకు కట్టల వాసన, పొడి గాలి, అంతే. ఎప్పుడు కన్నంటుకుందో తెలియలేదు.

ఎవరో నా ఎడమ కాలి బొటనవేలు పట్టుకున్నారు.

తగలడం వేరు, పట్టుకోవడం వేరు. ఇది పట్టుకోవడం. రెండు వేళ్ల మధ్య వేలిని ఇరికించి, నొప్పి లేకుండా, గట్టిగా అదిమారు. గరుకు చెయ్యి. ముత్తమ్మే అనుకుని "లేస్తున్నానమ్మా" అన్నాను, కళ్లు తెరవకుండానే. చెయ్యి తియ్యలేదు. బద్ధకంగా కాలు వెనక్కి లాక్కోబోయాను. కాలితోపాటు చెయ్యీ వచ్చింది. ఇదేం లేపడంరా బాబూ అని విసుక్కుంటూ లేచి కూర్చున్నాను. నడుము నిటారుగా అయిన క్షణంలోనే ఆ వేళ్లు వదిలేశాయి.

కాళ్ల దగ్గర ఎవరూ లేరు.

పందిరి కింద లేరు, వాకిట్లో లేరు. ఎండలో తెల్లగా మెరుస్తున్న దారి బోరింగు దాకా కనిపిస్తోంది. ముత్తమ్మ అక్కడ వంగి బిందె నింపుకుంటోంది. పెట్టలు నీడలో మట్టి కెలుక్కుంటున్నాయి, ఒక్కటీ బెదరలేదు. నాకు అప్పటికింకా భయం వేయలేదు. రాధకి ఏమైనా కావాల్సి వచ్చి లేపి లోపలికి వెళ్లిందేమో అనుకున్నాను.

లోపల రాధ గోడవైపు తిరిగి గాఢనిద్రలో ఉంది. ఊపిరి నిదానంగా ఉంది. వచ్చాను కదా, శాంతి ఫోను చేసిందేమో చూద్దామని గూటి దగ్గరికి వెళ్లాను. గూడు సరిగ్గా రాధ తలకి పైన ఉంది. ఫోను అందుకుంటే తెర వెలిగింది. కాసేపట్లో అలారం మోగుతుందని అందులో రాసి ఉంది.

ఫోను సైలెంటులో పెట్టినా అలారం మోగుతుందని నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఆ ఇంట్లో మాత్రం నాకు అది తట్టనే లేదు. ల్యాబులో ఆ రోజు కణాల పని వేరేవాళ్లకి అప్పగించి వచ్చాను, అలారం తియ్యడం మరిచాను. రాధ కణాలను బతికించడానికి పెట్టుకున్న మోత, రాధ తల మీద మోగబోతోంది.

దాన్ని ఆపబోతే తెర మీద వేలు రెండుసార్లు పక్కకి పడింది. ఏళ్ల తరబడి గాజు గొట్టాలు పట్టుకున్న వేలే అది. ఎలాగో ఆపి, ఫోను పూర్తిగా ఆఫ్ చేసి, చీర కుచ్చిళ్లు పట్టుకుని బయటికి వచ్చి నేల మీద కూలబడ్డాను. అప్పుడు వచ్చింది భయం. దయ్యం గురించి కాదు. ఆ అమ్మాయి చచ్చిపోయి ఉండేదని.

ముత్తమ్మ నీళ్లతో వచ్చింది. బిందెని బిడ్డని పడుకోబెట్టినట్టు నేల మీద దించింది. నా మొహం చూసి, "ఏందిరా బిడ్డా, గట్లున్నవ్?" అంది.

అలారం సంగతి అప్పుడు నోటికి రాలేదు. "ఎవరో నా కాలు పట్టుకుని లేపారమ్మా. చూస్తే ఎవరూ లేరు," అన్నాను. అంతే అన్నాను. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి, నేను చెప్పింది అంతవరకే.

ముత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎడమ కాలా?"

"అవును."

"కూసునేదాక ఇడ్వలేదా?"

 లేదని తల ఊపాను.

"గట్ల మా సోమక్కే లేపేది," అంది. "ఊరికె పట్టి ఇడిస్తే మళ్ల పండుకుంటరని, లేశి కూసునేదాక ఇడ్వకపోయేది. నేనట్ల లేపను. నాకంత ఓపిక లేదు."

అలారం సంగతి అప్పుడు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్లి నిద్రపోతున్న కూతురి పక్కన కూర్చుని, తల నిమురుతూ చాలాసేపు ఉండిపోయింది. పొద్దు వాలాక రాధని లేపింది. నేను గడపలో నిలబడి చూశాను. బొటనవేలు ఒక్కసారి నొక్కి, వెంటనే వదిలేసింది.

రాధకి వాళ్లమ్మ, గూడెంలో మాట్లాడుకునే వాళ్ల సొంత భాషలో అంతా చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, సోమక్క పేరు తప్ప. ఆ పిల్ల భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. నా కాలి వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా కాడికి రాలే మేడం," అంది తెలుగులో. "అక్క పోయిన కాడి నుంచి నేను కాలు దుప్పటి బయటనే పెట్టుకొని పండుకుంటున్న. ఒక్కపారన్న వచ్చి పట్టుకుంటదని. రాలే. మీ కాడికి వచ్చింది."

 ఆ అమ్మాయికి దక్కాల్సింది ఏదో నేను తీసేసుకున్నట్టు అనిపించి, సిగ్గేసింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు గరుకుగా ఉన్నాయి, ఆకు కోసే చేతులే కదా.

తిరుగు ప్రయాణంలో జీపులో శాంతికి చెప్పాను. ఆమె అనబోయేవన్నీ నేనే ముందు అన్నాను. ఎండకి ఒంట్లో పొటాషియం తగ్గితే కండరం పట్టేస్తుంది, అది చెయ్యిలా అనిపించి ఉండొచ్చు. రోజూ ఆ వేళకి అలారం వినే ఒంటికి, అది మోగకముందే మెలకువ రావొచ్చు. పొద్దున విన్న బొటనవేలి మాట కలలోకి వచ్చి ఉండొచ్చు. శాంతి అన్నిటికీ తలూపింది. "మరి కూర్చునేదాకా వదల్లేదా అని ఆమె ఎలా అడిగింది?" అంది. నేను చెప్పులోంచి ఎడమ కాలు తీసి బొటనవేలు చూసుకున్నాను. 

కరెంటు కొలిచి బతికే మనిషిని. ఆ రోజు నా కాలికి తగిలినదాన్ని దేంతో కొలవాలో నాకు ఇప్పటికీ తెలియదు. సోమక్క వచ్చిందని అనలేను. ఎవరూ రాలేదని అనడానికీ నోరు రావడం లేదు. ఒకటి మాత్రం ఆలోచిస్తే కాస్త తెలుస్తున్నట్టు ఉంటుంది. ఆ రోజు రాధని లేపితే ఏం లాభం? లేవాల్సింది నేను.

ఈ మాటే రాధకి చెప్పాను, మొన్న భద్రాచలంలో పరీక్షకి వచ్చినప్పుడు. మాత్రలు బాగా పనిచేస్తున్నాయి, ఈసీజీ కుదురుకుంది. రాధ విని, "అవ్ మేడం, మా అక్క గంతే. పని ఉన్న కాడికే పోతది," అని నవ్వింది.

కాలు మాత్రం ఇంకా దుప్పటి బయటే పెట్టుకుని పడుకుంటోందని వాళ్లమ్మ చెప్పింది.