తంబురా బుర్రకు ఆనించిన చెంప

మొన్న భవానీపురంలో ఎవరి వరండాలోనో గోడకు ఆనించిన తంబురా కనబడింది. నా చెంప జివ్వుమంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ పేటలోనే ఆదివారాలు సంగీతం క్లాసు జరిగేది. చెవులు వినబడే పిల్లలం, వినబడని పిల్లలు కలిసి కూర్చునేవాళ్లం. అందరికంటే బాగా పాడేది నేనే. అయినా టీచరుగారు తంబురా మీటేటప్పుడు, వినబడని మీనాని మాత్రమే దాని బుర్రకు చెంప ఆనించుకోనిచ్చేవారు. అది కళ్లు మూసుకుని నవ్వుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

"నాకూ ఇవ్వండి టీచర్!"

"నీకు వినబడుతుందిగా తల్లీ. తను అలాగే వినాలి."

మరుసటి వారం ఎవరు పిలిచినా నేను పలకలేదు. జ్వరమొచ్చి చెవులు పోయాయని సైగలు చేశాను. టీచరుగారు నవ్వుకున్నారు. మీనా మాత్రం నమ్మేసింది. నన్ను లాక్కెళ్లి బుర్రకు ఒకవైపు నా చెంప ఆనించి, రెండోవైపు తన చెంప ఆనించుకుంది. క్లాసు అయిపోయినా నా చెయ్యి వదల్లేదు.

గేటు దగ్గర్నుంచి నాన్న "బుజ్జీ!" అని కేకేశారు. నేను ఠక్కున తిరిగాను.

మీనా మా నాన్నని చూసింది, నన్ను చూసింది. మెల్లగా తన చెయ్యి తీసేసుకుంది.

తంబురా పంచుకోవాల్సి వచ్చినందుకు అది కూడా నాలాగే కుళ్లుకుందని ఆ రోజు అనుకున్నాను. తనలాంటి తోడు దొరికిందని ఆ గంటసేపూ మురిసిపోయిందేమోనని చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.